తుడిచిన అడుగులు

పడిపోయినవాడి కుడిచెయ్యి గుండెల మీద ఉంది.

ఆ సంగతి ఒక్కటే ఒదీలియా రెంటెరియాకి మింగుడుపడలేదు. తల వెనక దెబ్బ తగిలి వెల్లకిలా పడ్డ మనిషి తన చెయ్యి తానే మడిచి గుండెల మీద పెట్టుకోడు. ఎవరో పెట్టారు. పెట్టినవాళ్ళకి అంత తీరిక ఎలా దొరికింది?

కసిమీరో ఒలాచేయా పిట్టల కాపలాదారు. ఈ తీరపు పార్కులో ఇసుక మీదే గుడ్లు పెట్టే టెర్న్ పిట్టలకి ఏళ్ళ తరబడి అతనే కాపలా. ఇవాళ తెల్లవారేసరికి గూళ్ళ నేల చుట్టూ కట్టిన తాడు లోపల స్పృహ తప్పి పడి ఉన్నాడు. అతన్ని స్ట్రెచర్ మీద ఆస్పత్రికి పంపేశారు. ఊపిరి ఆడుతోంది గాని కళ్ళు తెరవలేదు. పార్కు నేరపరిశోధన అధికారిగా అందరికంటే ముందు అతని దగ్గరికి చేరింది ఒదీలియాయే. కదిలించేముందు ఫోన్లో ఫోటో తీసింది. ఇప్పుడు తాడు బయట నిలబడి ఆ ఫోటోనే చూస్తోంది.

"ఇంకెంతసేపు చూస్తావు? అందులోంచి లేచొచ్చి పేరు చెప్తాడా ఏమిటి?" అన్నాడు గ్రేడీ.

కాల్విన్ గ్రేడీ సరిహద్దు గస్తీలో పై అధికారి. కంచె నీడ పడినంతమేరా తన సొంత పెరడే అనుకుంటాడు. అతని ట్రక్కు వెనక గదిలో, జాలీ తలుపు అవతల, చేతులకి బేడీలతో తెలెస్ఫోరో కూర్చుని ఉన్నాడు. అతను లోయలో గుర్రాలశాల మనిషి. ఈ దేశంలో ఉండటానికి ఏటేటా పొడిగించుకోవలసిన అనుమతి అతనిది. మధ్యాహ్నం బస్సెక్కించి కంచె అవతల దించేస్తే ఆ అనుమతి అక్కడితో సరి. భార్య, నాలుగేళ్ళ కూతురు ఇవతల ఉండిపోతారు.

"పన్నెండింటికి బస్సు. వీణ్ణి దానిలో ఎక్కించాక నువ్వు తీరిగ్గా ఫోటోలు చూసుకో," అన్నాడు గ్రేడీ.

"కొట్టాడని ఎవరు చెప్పారు?"

"ఇసుక చెప్పింది." గ్రేడీ వేలెత్తి చూపించాడు. "ఈ తాడు వల్ల కంచె దాకా వెళ్ళే దారి మూసుకుపోయింది. వీడు తాడు కట్టిన ఈ ఇనుప గూటం పీకాడు. ముసలాడు అడ్డం వచ్చాడు. దాంతోనే తల మీద ఒకటి ఇచ్చాడు. తర్వాత అడుగులు తుడిచేసుకుంటూ పోయాడు. అదిగో, తాటిమట్ట ఈడ్చిన గీతలు. నా ఉద్యోగమంతా తుడిచిన అడుగులు చదవడమే, రెంటెరియా. కంచె దాటే ప్రతివాడూ చేసే పనే ఇది."

"మరి చెయ్యి?"

"పాపభయం. చచ్చాడనుకుని దండం పెట్టించాడు. మీవాళ్ళు చేతిలో కత్తి ఉన్నా మెడలో శిలువ మరవరు కదా."

ఒదీలియా ఆ ఎత్తిపొడుపు విననట్టే ఊరుకుని తాడు పైకెత్తింది.

"పిట్టల పోలీసూ, జాగ్రత్త! టోపీ పెట్టుకో," అని వెనకనుంచి నవ్వాడు.

ఆమె ఒక్క అడుగు లోపల వేసిందో లేదో నేల లేచింది. నిజంగానే నేల లేచినట్టుంది. అప్పటిదాకా ఇసుక, గవ్వలు, ఎండిన నాచు తప్ప ఏమీ కనబడని చోటునుంచి వందల పిట్టలు ఒక్కసారి గాలిలోకి ఎగిశాయి. గుప్పెడంత పిట్టలు. నల్లటి నెత్తి, పచ్చటి ముక్కు, కత్తెర తోక. వాటి అరుపులకి సముద్రం హోరు వినపడకుండా పోయింది. ఎండ తునకలు తునకలై ఆమె భుజాల మీద పడుతోంది. ఒకటి నిటారుగా దిగి చెవి పక్కనుంచి దూసుకుపోయింది. టోపీ మీద టప్పున తెల్లగా పడింది. ఒదీలియా తల వంచుకుని నిలబడింది. చిన్నప్పుడు మొదటిసారి ఈ రెక్కల కింద నిలబడినప్పుడు ఏడుపొచ్చింది.

కాలు ఎత్తి వెయ్యకూడదు, ఈడ్వకూడదు. నీళ్ళలోకి దించినట్టు దించాలి. అలాగే నడిచింది.

ప్రతి గూటికీ గుర్తుగా ఒక ఐస్‌క్రీం పుల్ల గుచ్చి ఉంది. గూడంటే ఏమీ లేదు, ఇసుకలో అరచేయంత గుంట. అందులో ఇసుక రంగే, ఇసుక మచ్చలే ఉన్న గుడ్లు. కళ్ళెదుట ఉన్నా కనబడవు. పుల్ల గూటి పక్కనే గుచ్చరు. గూటికి మూరెడు దూరంలో, సముద్రం వైపు గుచ్చుతారు. పుల్ల దగ్గర గుడ్లుంటాయని కాకులు వారం తిరక్కుండా కనిపెట్టేస్తాయి. వాటి కళ్ళు కప్పడానికి కాపలావాళ్ళు పెట్టుకున్న పద్ధతి ఇది.

కసిమీరో పడిన చోటు దగ్గర ఆమె ఆగింది. స్ట్రెచర్ మోసినవాళ్ళని తనే ముందు నడిచి ఒకే వరసలో తీసుకొచ్చింది కనుక వాళ్ళ అడుగులు విడిగా తెలుస్తున్నాయి. రెండోది కసిమీరో జాడ. గేటు నుంచి తిన్నగా వచ్చింది. మూడోది గ్రేడీ చూపించిన గీతలు. ఎండు తాటిమట్టతో తుడుచుకుంటూ వెనక్కి నడిచిన జాడ.

ఆ జాడ తిన్నగా లేదు. పాములా మెలికలు తిరిగింది. ప్రతి పుల్ల దగ్గరా సముద్రం వైపుకి ఒరిగి, అది దాటగానే మళ్ళీ మెట్టవైపు తిరిగి, ఇంకో పుల్ల దగ్గర మళ్ళీ ఒరిగి, చివరికి తడి ఇసుకలో కలిసిపోయింది. అక్కడినుంచి ఆనవాలును పోటునీళ్ళు మింగేశాయి. ఆ మెలికల పక్కన ఎన్ని గూళ్ళున్నా ఒక్క గుడ్డయినా చితకలేదు. ఒక్క గుంట కూడా చెదరలేదు.

మనిషిని పడేసి, వెనక్కి నడుస్తూ, తుడుచుకుంటూ, ఇన్ని గుడ్ల మధ్యనుంచి ఎవరు పోగలరు? ఎంత గొప్ప నడక అది!

తర్వాత చెయ్యి సంగతి. ఫోటో చూసుకుంటూ కసిమీరో భుజం ఎక్కడుందో ఇసుకలో ఆనవాలు పట్టింది. పడిన ఊపుకి కుడిచెయ్యి పక్కకి చాపుకుని ఉండాలి. చాపితే మోచెయ్యి ఎక్కడికొస్తుంది? ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. అక్కడ రెండు గుడ్లున్నాయి.

చూస్తుండగానే ఆడపిట్ట దిగింది. ఆమె మోకాలికి జానెడు దూరంలో, తనకంటే వెయ్యింతలున్న మనిషిని ఖాతరు చెయ్యకుండా, పొట్ట అటూ ఇటూ సర్దుకుని గుడ్ల మీద కూర్చుంది. నల్లటి కన్ను ఒకటి ఒదీలియాని చూస్తోంది. ఒదీలియా ఊపిరి బిగబట్టింది.

దండమూ కాదు, పాపభయమూ కాదు. గుడ్ల మీదినుంచి చెయ్యి తీశారు, అంతే.

ఎవరో ఆమెకి అప్పుడే తెలిసిపోయింది. తెలియకపోతే బాగుండునని కూడా అనిపించింది.

* * *

"మేడమ్, పనేలాకి ఎవరైనా నీళ్ళు పెట్టారా?" అన్నాడు తెలెస్ఫోరో జాలీ వెనకనుంచి. పనేలా అతని గుర్రం. దూరంగా గుంజకి కట్టేసి ఉంది.

"పెట్టాం. నీ సంగతి చూసుకో ముందు. పొద్దున్నే ఇక్కడికెందుకొచ్చావు?"

"కసిమీరో అన్న రమ్మన్నాడు. అమ్మకి రేపు ఆపరేషన్, అవతల పెద్ద ఊళ్ళో. ఇవాళ కంచె దగ్గరికి వస్తానంది. ఈ ఏడు పిట్టలు దారి మీదే గుడ్లు పెట్టాయి కదా, వెళ్ళేందుకు సందు లేదు. 'పొద్దున్నే తాడు రెండు బారలు లోపలికి జరుపుతాలేరా, గూళ్ళు లేని చోటు చూసి' అన్నాడు అన్న. కమ్మీల మధ్యనుంచి చిటికెన వేలి కొన తగిలితే చాలు మేడమ్. ఆవిడ అంతకంటే అడగదు." అతను కంచె వైపు చూశాడు. ఇనుప కమ్మీల అవతల ఒక ముసలామె ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. "వచ్చేసింది. నేను ఇందులో ఉన్నట్టు ఆవిడకి తెలీదు."

"వచ్చాక ఏం చూశావు?"

"అన్న పడున్నాడు. అరిచాను. పలకలేదు. ఫోన్ చేశాను. మీరొచ్చేదాకా అరుస్తూనే ఉన్నాను."

"లోపలికి వెళ్ళి లేపొచ్చు కదా?" గ్రేడీ మధ్యలో దూరాడు.

"మీరు అన్నని ఎరగరు సార్. 'నేను చస్తున్నా సరే, తాడు దాటావంటే ముందు నిన్ను చంపి తర్వాత చస్తా' అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గాని నిజంగా చేసే రకం."

ఒదీలియా పెదవి కొసన నవ్వి, వెంటనే అడిగింది. "తెలెస్ఫోరో, లోపల పుల్లలు గుచ్చి ఉంటాయి చూశావా? నువ్వు లోపలికి వెళ్ళాల్సి వస్తే, పుల్ల కనబడితే అడుగు ఎక్కడ వేస్తావు?"

అతను ఆలోచించాడు. "పుల్ల పక్కన గుడ్లుంటాయి కాబట్టి దాన్ని వదిలేసి ఇవతలగా వేస్తా. మెట్టవైపు. అటు తడి ఇసుకలో కాలు దిగబడుతుంది కదా."

"ఎంత ఇవతలగా?"

"మూరెడు చాలదా?"

ఒదీలియా గ్రేడీ వైపు తిరిగింది. "విన్నావా? సరిగ్గా గుడ్ల మీద వేస్తాడు. కొట్టిన మనిషి ప్రతి పుల్ల దగ్గరా సముద్రం వైపే ఒరిగింది. ఒక్క గుడ్డు చితకలేదు. వెళ్ళి చూసుకో."

"వీడు తెలిసీ తెలియనట్టు నటిస్తున్నాడు."

"బస్సు ఎక్కబోయేవాడు పుల్లల గురించి నటిస్తాడా? అడుగులు తుడిచింది నువ్వు కనిపెడతావని కాదు, గ్రేడీ. మనిషి అడుగు వాసన పట్టుకుని నక్కలు గూళ్ళ దాకా వస్తాయి. అందుకని ఇక్కడ కాపలావాళ్ళు బయటికొచ్చేటప్పుడల్లా తుడుచుకుంటూ వస్తారు. అది అలవాటు. మనిషి పడిపోయినా ఆ అలవాటు పోలేదు."

గ్రేడీ మొహం గట్టిపడింది. "అంటే కొట్టింది కాపలావాళ్ళే అంటావు. పేరు చెప్పు."

ఒదీలియా చూపు ఉత్తరపు ఇసుకదిబ్బ మీదికి పోయింది.

"చెప్పలేవు. నీ దగ్గరున్నది గుడ్లు. నా దగ్గరున్నది మనిషి." అతను సముద్రం వైపు చూశాడు. రాత్రి నది పొంగి లోయ రోడ్డు మునిగిపోయింది. వచ్చేటప్పుడు అందరూ ఒడ్డు వెంబడే వచ్చారు. ఇప్పుడు పోటు పెరుగుతోంది. "నీళ్ళు తాడు దాకా వచ్చేలోపు నేను బయల్దేరతాను. అప్పటిదాకా నీ ఇష్టం."

* * *

గూళ్ళ నేలకి ఉత్తరపు కొసన, ఇసుకదిబ్బ మీద ఒక చెక్కమంచె ఉంది. ఆల్థియా ప్రేథర్ అందులో కూర్చుని దూరదర్శిని పట్టుకుని ఉంది. డెబ్బై దాటాయి. లోయలోని బడిలో పాఠం చెప్పేది. వసంతం రాగానే పిల్లల్ని వరసగా నిలబెట్టి ఈ ఇసుకలో నడవడం నేర్పేది. ఒదీలియాకీ నేర్పింది. బడి మానేశాక కసిమీరోకి తోడుగా కాపలాకి వచ్చింది. ఇప్పుడు ఈ పిట్టలే ఆమె బడి.

"రా పిల్లా, కూర్చో," అంది ఆల్థియా కళ్ళు తీయకుండా. "నువ్వు లేచాక ఆడపిట్ట మళ్ళీ కూర్చుందా?"

"కూర్చుంది, టీచర్."

"రెండూ బాగున్నాయా?"

"బాగున్నాయి." "ఇక్కడినుంచి ఆ గూడు కనబడదు. మధ్యలో ఇంకో దిబ్బ అడ్డం. నేను ఏ గూటి దగ్గర కూర్చున్నానో మీకెలా తెలుసు?"

ఆల్థియా దూరదర్శిని ఒళ్ళో దించుకుంది. కింద పిట్టలు ఒక్కొక్కటే దిగి సర్దుకుంటున్నాయి.

"నడక గుర్తుపట్టావా?" అని అడిగింది చివరికి.

"గుర్తుపట్టాను."

"కసిమీరో తాడు జరుపుతుంటే చూసి వెళ్ళాను. నాకు చెప్పకుండా! ఇద్దరం అరుచుకున్నాం. 'ఆ తల్లి కూడా ఒక పిట్టే కదా ఆల్థియా' అన్నాడు. గూటం చేత్తో పట్టుకుని వెనక్కి అడుగు వేశాడు. మడమ కింద ఆ రెండు గుడ్లు. చూసుకోలేదు. నేను చూశాను. పక్కకి తోసేశాను." ఆమె తన అరచేతులు తిప్పి చూసుకుంది. "వెల్లకిలా పడుతుంటే చేతిలోని గూటం కొస తల వెనక తగిలింది. ఆ చప్పుడు నాకు వినబడింది, ఒదీ. వినబడినా ముందు గుడ్లు చూశాను. చెయ్యి వాటి మీద పడబోతోంటే తీసి గుండెల మీద పెట్టాను. ఆ తర్వాతే మొహం చూశాను."

"సాయం ఎందుకు పిలవలేదు?"

"మంచె దగ్గర ఫోన్ ఉంది, చేద్దామనే వచ్చాను. అంతలో ఆ గుర్రాల కుర్రాడు అరవడం వినిపించింది. సాయం వచ్చేసింది కదా అనుకున్నాను."

"ఆ కుర్రాడికి బేడీలు వేసినప్పుడు కూడా చూస్తూనే ఉన్నారు కదా?"

ఆల్థియా దూరదర్శిని మళ్ళీ కళ్ళకి ఎత్తుకుంది.

"మధ్యాహ్నం బస్సెక్కిస్తారు, టీచర్. కూతురు ఇవతల, అతను అవతల. అతని తల్లి కంచె పక్కన ఎండలో కూర్చుని ఉంది."

"నేను వెళ్తే ఇది ఎవరు చూస్తారు?" అంది ఆల్థియా. "ఎప్పుడెప్పుడు ఈ నేల మీద రోడ్డు చదును చేద్దామా అని చూస్తున్నారు గస్తీవాళ్ళు. కసిమీరో ఆస్పత్రిలో. నేను జైల్లో. ఇవి ఎక్కడెక్కడినుంచో సముద్రాలు దాటి ఈ గుప్పెడు ఇసుకకే వస్తాయే! వీటికి కంచె లేదు, అనుమతి లేదు. మనం కాస్త చోటిస్తే చాలు."

"ఆ తల్లీకొడుకులూ అడిగింది అదే, టీచర్. కాస్త చోటు."

అప్పుడు వినబడింది ట్రక్కు చప్పుడు.

ఇద్దరూ లేచారు. పోటునీళ్ళు అనుకున్నదానికంటే ముందే తాడు గూటాలని తాకుతున్నాయి. గ్రేడీ బయల్దేరాడు. ఒడ్డు వెంబడి పోయే దారి లేదు. ట్రక్కు ముందుచక్రం తాడు తెంపుకుని లోపలికి ఎక్కింది.

ఆకాశం కూలింది. ఒదీలియా తన జీవితంలో అన్ని పిట్టల్ని ఒకేసారి ఎప్పుడూ చూడలేదు. నేల మీద ఒక్కటీ మిగలకుండా లేచి, తెల్లటి సుడిలా తిరిగి, ఆ సుడి మొత్తం ట్రక్కు మీదికి దిగింది. అరుపులు చెవుల్లో సూదుల్లా దిగుతున్నాయి. ముందు అద్దం మీద తెల్లటి చుక్క పడింది. తర్వాత పది. తర్వాత అద్దమే లేదు, సున్నం కొట్టిన గోడ ఉంది. వైపర్లు తిరిగి ఆ సున్నాన్ని ఇంకా మందంగా పులిమాయి. ట్రక్కు ఆగలేదు. గుడ్డిగా, ఇసుక చిమ్ముతూ వస్తోంది.

"టీచర్, వద్దు!"

ఆల్థియా అప్పటికే దిబ్బ దిగింది. పరిగెత్తలేదు. నీళ్ళలోకి దించినట్టు అడుగులు దించుతూ, మెలికలు తిరుగుతూ నడిచింది. ఒదీలియా ఆ అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెనక వెళ్ళింది. ఒక్క పిట్ట కూడా ఆల్థియా తల మీదికి దిగలేదు. ఆమె ట్రక్కుకి ఎదురుగా ఆగి రెండు చేతులూ చాపింది.

అద్దం వెనక మనిషికి ఆమె కనబడదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

"ఆపండి సార్!" జాలీ వెనకనుంచి తెలెస్ఫోరో గొంతు చించుకున్నాడు. పక్క కన్నంలోంచి అతనికి కనబడింది. బేడీలతో ఇనుపగోడని దబదబ బాదాడు. "మనిషి! ఎదురుగా మనిషి!"

ట్రక్కు కీచుమని ఆగింది. దాని ముక్కు ఆల్థియా అరచేతులకి తగిలి ఉంది.

తలుపు తెరుచుకుంది. గ్రేడీ బూటు బయటికొచ్చింది.

"కాలు దించకు!" ఒదీలియా అరిచింది.

అతను కిందికి చూశాడు. ఏమీ కనబడలేదు. మళ్ళీ చూశాడు. ఇసుకలో ఇసుకలాంటివి రెండు. బూటు గాలిలోనే ఆగిపోయింది. తల మీద పిట్టలు గిర్రున తిరుగుతున్నాయి. అతను నోరు తెరుచుకుని వాటిని చూశాడు. పదేళ్ళుగా ఈ కంచె పక్కన తిరిగాడు గాని, తల పైకెత్తి చూడటం అదే మొదటిసారేమో.

ట్రక్కు వచ్చిన దారిలో, వెనకచక్రం పక్కన, చితికిన గుడ్ల పచ్చసొన మరక ఉంది. ఒదీలియా చూసింది. ఆల్థియా మాత్రం చక్రాల వైపు తిరగలేదు.

"ఆ అబ్బాయిని వదిలెయ్యి," అందామె. "కసిమీరోని తోసింది నేను. తుడుచుకుంటూ పోయిందీ నేనే. అన్నీ చెప్తాను, రాసుకో."

గ్రేడీ ఒదీలియాని చూశాడు. ఆమె తల ఊపింది.

అంతలో ట్రక్కులో వైర్‌లెస్ గరగరలాడింది. ఆస్పత్రి దగ్గరున్న ఉద్యోగి గొంతు. "సార్, ఒలాచేయా కళ్ళు తెరిచాడు. మాట్లాడుతున్నాడు. తనంతట తనే కాలు జారి పడ్డాడట. ఎవరూ తోయలేదు, దగ్గర ఎవరూ లేరు అంటున్నాడు. మళ్ళీ మళ్ళీ అదే చెప్తున్నాడు."

పిట్టలు కొంచెం కొంచెం కిందికి దిగుతున్నాయి.

గ్రేడీ వైర్‌లెస్ చేతిలో పట్టుకునే ఆల్థియా వైపు వంగాడు. గొంతు తగ్గించాడు. "విన్నారుగా. అతని మాట చాలు, ఈ కుర్రాణ్ణి వదిలేస్తాను. మీరేం అన్నారో నేను వినలేదనుకోవచ్చు. ఈ గోలలో ఏం వినపడుతుంది?"

ఆల్థియా కళ్ళు నీళ్ళతో నిండాయి. "బతికాడు," అంది తనలో తాను. తర్వాత గ్రేడీ వైపు తిరిగింది. "కసిమీరోకి అబద్ధం చెప్పడం ఎప్పుడూ చేతకాదు. కాలు జారడమా? ఈ నేల మీద వాడికి? నా మాటే రాసుకో."

గ్రేడీ లోపలికి వంగి, తాళంచెవులు తీసుకున్నాడు. వెనక తలుపు దగ్గరికి వెళ్ళాలి. తెరిచిన తలుపు అంచున కూర్చుని, కింద పరుచుకున్న ఇసుకని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాడు. బూటు ఇంకా గాలిలోనే ఉంది.

"అమ్మా, అడుగు ఎక్కడ వెయ్యమంటారు?" అని అడిగాడు.